నాన్న చెప్పిన పెళ్ళి

"ఆ సూట్‌కేసు కింద పెట్టండి అత్తయ్యా. వెళ్ళాల్సింది మీరు కాదు, నేను," అంది రుయ్‌లాన్.

షూఫెన్ సూట్‌కేసు పిడి వదల్లేదు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా ఆమె లేచి నిలబడితే ఎదుటివాళ్ళు తెలియకుండానే వీపు నిటారుగా పెట్టుకుంటారు. ఊషీ నగరంలో ఏళ్ళ తరబడి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర జరిగిన అవమానం ఇంకా ఆమె ముఖంలో అలాగే ఉంది.

జరిగింది ఇంతే. సత్రంలో పక్క బల్ల దగ్గర కూర్చున్న వాళ్ళతో షూఫెన్ ఎప్పట్లాగే, "మా కోడలిది కున్మింగ్. వాళ్ళ నాన్న కాలేజీలో లెక్చరర్‌గా చేసి పోయారు," అని చెప్పింది. పదిహేడేళ్ళ మనవరాలు యీతుంగ్ తినడం ఆపేసి, "అబద్ధం నానమ్మా! అమ్మది ఆ ఎదుటి ఒడ్డున ఉన్న ఊరు. తాతయ్య పెంపుడు నీటికాకులతో చేపలు పట్టేవాడట. పొద్దున సంతలో పాలు విరిచి ఎండబెట్టిన రేకులమ్మే ఆవిడ అమ్మని గుర్తుపట్టి చెప్పింది," అనేసింది.

ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరూ ముద్ద ముట్టలేదు.

"పంతొమ్మిదేళ్ళు కాపాడుకొచ్చిన పరువు!" అంది షూఫెన్. "పరాయివాళ్ళ ముందు నా మనవరాలే తీసేసింది."

"ఎవరి పరువు అత్తయ్యా? మా నాన్న చేపలు పడితే పోయే పరువు ఎవరిది?"

"నాకు ఎదురు చెప్పడం ఎప్పట్నుంచి నేర్చుకున్నావు?"

"నిన్న రాత్రి నుంచి. నా కూతురి దగ్గర నేర్చుకున్నాను."

షూఫెన్ కొడుకు వైపు తిరిగింది. "హావ్‌నింగ్! వింటున్నావా నీ పెళ్ళాం మాటలు?"

హావ్‌నింగ్ కిటికీ దగ్గర నిలబడి ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. అది ఇంతకుముందే తీసి ఉంది. "కాస్త టీ తాగమ్మా," అన్నాడు.

కిటికీ అవతల ఎర్‌హాయ్ సరస్సు కదలకుండా ఉంది. ఆ పైన త్సాంగ్‌షాన్ కొండలు, నడుముకి తెల్లటి మబ్బు చుట్టుకుని ఉన్నాయి. సెలవులకి ఎక్కడికి పోదామని అనుకున్నప్పుడు ఫోటోలు చూసి ఈ చోటు ఎంచింది యీతుంగే. తల్లి పుట్టిన నీళ్ళు అవేనని ఆ పిల్లకి అప్పుడు తెలియదు.

"ఈరోజు మా ఊళ్ళో కాగడాల పండగ," అంది రుయ్‌లాన్. "మా ఊరి కప్పులు ఈ కిటికీలోంచి కనిపిస్తున్నాయి. వచ్చినప్పట్నుంచి అటు వీపు పెట్టి కూర్చుంటున్నాను. ఇంక కూర్చోను. నేను వెళ్తున్నాను."

"నువ్వు ఆ గడప దాటితే నేను రైలెక్కుతాను."

"మీ ఇష్టం అత్తయ్యా."

ఇంతసేపూ మంచం మీద చెవులు మాత్రం ఇటు పెట్టి పడుకున్న పద్నాలుగేళ్ళ జ్యాలే లేచి బూట్లు వేసుకోసాగాడు.

"నువ్వెక్కడికిరా?" అంది నానమ్మ.

"అమ్మతో."

"ఎక్కడికి వెళ్తోందో తెలుసా?"

"తెలీదు. కానీ ఊషీ దాకా రైల్లో నీ పక్కన కూర్చోవడం కన్నా నయమే కదా నానమ్మా!"

యీతుంగ్ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

"నేను అమ్మ దగ్గరే ఉంటాను," అన్నాడు హావ్‌నింగ్ మెల్లగా.

రుయ్‌లాన్ సంచి భుజానికి తగిలించుకుంది. "నువ్వెప్పుడూ అక్కడే ఉన్నావుగా," అంది. పిల్లలిద్దర్నీ తీసుకుని బయటికి నడిచింది.

*

సరస్సు ఉత్తరపు కొస చుట్టి వచ్చే బస్సులో చివరి సీటు దొరికింది. దారి పొడవునా ఊళ్ళ నడి కూడళ్ళలో నిలబెట్టిన పెద్ద కాగడాలు కనిపిస్తున్నాయి. పైన్ మాను చుట్టూ గడ్డి, పుల్లలు కట్టి, పైనుంచి కింది దాకా రంగు కాగితాల జెండాలు, బేరిపళ్ళ దండలు వేలాడదీశారు.

"ఎందుకు దాచావమ్మా?" అంది యీతుంగ్.

"పెళ్ళికి ముందు మీ నానమ్మ అడిగింది. బంధువుల ముందు ఒక్క మాట అంతే, నీ మంచికే, అంది. ఒక్క మాటే కదా అనుకున్నాను. తర్వాత ఆ మాట మీద ఇల్లు కట్టేశారు. అందులోనే కాపురం చేశాను."

"తాతయ్య ఏమీ అనలేదా?"

"పెళ్ళికే రాలేదు." రుయ్‌లాన్ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "దూరపు సంబంధం చేసుకున్నానని కోపమొచ్చింది అనుకున్నాను. తర్వాత ఫోన్ చేస్తే బాగానే పలికేవాడు. నవ్వేవాడు కూడా. కానీ ఊరికి వస్తానంటే మాత్రం, ఇప్పుడెందుకమ్మా, దూరం కదా, అనేవాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆయన పోయిన కబురు కూడా సమాధి చేశాక తెలిసింది. మీ మామయ్య చెప్పించాడు, ఎవరి చేతనో."

"మనకి మామయ్య ఉన్నాడా!" జ్యాలే గొంతు బస్సంతా వినిపించింది. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఉన్నాడు. నాతో మాట్లాడడు."

*

పెయ్‌షెంగ్ వాకిట్లో కూర్చుని పిల్లల చేతి కాగడాలకి పుల్లలు చీలుస్తున్నాడు. చెల్లెలికన్నా ఆరేళ్ళు పెద్ద. ఎండకి కమిలిన ముఖం, పడవ లాగిన భుజాలు. ఇప్పుడు సరస్సు మీదికి పోవడం లేదు, వెల్లుల్లి పండిస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు.

కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది.

"సూఝెన్!" అని పెళ్ళాన్ని కేకేశాడు. "ఎవరో వచ్చారు చూడు. ఊషీ దొరసాని. దారి తప్పినట్టుంది."

వదిన వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, రుయ్‌లాన్‌ని చూసి అక్కడే ఆగిపోయింది.

"అన్నయ్యా," అంది రుయ్‌లాన్.

"మీరు వెతికే ఇల్లు ఇది కాదమ్మా. లెక్చరర్‌గారి ఇల్లు కున్మింగ్‌లో ఉంటుంది."

రుయ్‌లాన్ ఒక అడుగు ముందుకేసింది. నిన్న రాత్రి దాకా ఆ అబద్ధం ఊషీ దాటి రాలేదు. ఈ ఊళ్ళో ఎవరికీ తెలిసే వీల్లేదు.

"ఆ సంగతి నీకెలా తెలుసు?"

పెయ్‌షెంగ్ పిల్లల్ని చూశాడు. జ్యాలే చెవుల దగ్గర అతని చూపు ఆగింది. ఆ పెద్ద చెవులు వాళ్ళ నాన్నవి.

"నాన్నని చూద్దామని వచ్చావా?" అన్నాడు, ఈసారి తమ ఊరి మాటలో. "కొండ మీద ఉన్నాడు. పద."

"అన్నం తినకుండానా?" అంది సూఝెన్.

"తిని ఎక్కితే ఈ పట్నం పిల్లలు దారిలోనే కక్కుతారు."

*

ఊరి వెనక బీన్సు పొలాలు దాటగానే కొండ మొదలైంది. పెయ్‌షెంగ్ ముందు నడుస్తున్నాడు. వెనక యీతుంగ్, ఆ వెనక రొప్పుతూ జ్యాలే.

"మామయ్యా, ఇంకెంత దూరం?"

"నువ్వు అడిగినప్పుడల్లా ఒక మలుపు పెరుగుతుంది."

"ఇప్పటికి ఎన్ని పెంచాను?"

"రాత్రికి పై మంచు దాకా పోతాం." పెయ్‌షెంగ్ నవ్వలేదు గాని నడక నెమ్మదించాడు. కాసేపయ్యాక, మలుపులో చెయ్యి చాచి కుర్రాణ్ణి పైకి లాగాడు.

సమాధి పైన్ చెట్ల మధ్య ఉంది, సరస్సు వైపు తిరిగి. ఇక్కడివాళ్ళు పోయాక కూడా నీళ్ళు కనిపించే చోటే కోరుకుంటారు. రుయ్‌లాన్ మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించింది. పిల్లలూ అలాగే చేశారు.

"ఇప్పుడు చెప్పు అన్నయ్యా. నీకెలా తెలుసు?"

పెయ్‌షెంగ్ పిల్లలకి అర్థం కాని తమ మాటలోనే మొదలుపెట్టాడు. "నీకు తెలియనట్టే అడుగుతున్నావే! నీ పెళ్ళికి వచ్చాం కదా, నాన్నా నేనూ."

రుయ్‌లాన్ మోకాళ్ళ మీదే అతని వైపు తిరిగింది.

"రైళ్ళు మారి మారి వచ్చాం. నాన్న కొత్త కోటు కుట్టించుకున్నాడు. హాలు గేటు దగ్గర మీ అత్తగారు ఎదురొచ్చింది. లోపల అందరికీ పెళ్ళికూతురి తండ్రి కున్మింగ్‌లో లెక్చరర్ అని చెప్పాం, ఇప్పుడు మీరు లోపలికొస్తే మీ అమ్మాయి తలెత్తుకోలేదు, అంది. నాన్న ఒకటే అడిగాడు. ఈ మాట నా కూతురు అందా, అని."

"ఏమంది?"

"మీ అమ్మాయే చెప్పమంది, అంది."

కింద సరస్సు మీద ఎండ పడుతోంది. రుయ్‌లాన్ అన్న చెయ్యి పట్టుకుంది. "నేను అనలేదు. నాన్న మీద ఒట్టు అన్నయ్యా. మీరు వచ్చారనే నాకు తెలియదు. ఆ రోజంతా గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను."

పెయ్‌షెంగ్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా కోపం పెట్టుకున్న మనిషి, దాన్ని దించుకోవడానికి కూడా కాస్త సమయం పడుతుంది.

"అనలేదా?" అన్నాడు చివరికి.

"అనలేదు."

అతను అటు తిరిగి ముక్కు చీదాడు. "ఇంకోటి విను. తిరుగు రైల్లో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఊరు చేరాక కోటు దులుపుకుని నేరుగా కూడలికి వెళ్ళాడు. మా వియ్యపురాలు నన్ను పెద్ద బల్ల దగ్గర తన ఎడమ పక్కన కూర్చోబెట్టింది, అని అందరికీ చెప్పాడు. వాళ్ళ తాయ్ సరస్సు చేప వడ్డించారు, ఉప్పు తక్కువైంది, అన్నాడు. ఊరంతా నవ్వింది. పోయేదాకా అదే చెప్పాడు. కూతురు తండ్రిని గేటు దగ్గర ఆపించిందని ఎవరూ అనకూడదు. అదీ ఆయన పట్టుదల. నువ్వు వస్తే ఆ మాట ఎక్కడ బయటపడుతుందోనని నిన్ను రానివ్వలేదు."

రుయ్‌లాన్ సమాధి రాయి మీద అరచెయ్యి పెట్టింది. రాయి వెచ్చగా ఉంది.

"ఏం చెప్పాడమ్మా? ఎందుకేడుస్తున్నావు? కోపమొచ్చిందా?" యీతుంగ్ పక్కకి వచ్చి కూర్చుంది.

"వచ్చింది. దానికన్నా పెద్దది ఇంకోటి వచ్చింది." రుయ్‌లాన్ కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ లేవడంలో కూతురికి ఎప్పుడూ చూడని తల్లి కనిపించింది. "మీ తాతయ్య ఎంతటి మనిషో ఈరోజు తెలిసింది. తర్వాత చెప్తాను. ఇప్పుడు ఆయన మనవరాలిలా తలెత్తుకుని కొండ దిగు."

*

సాయంత్రానికి వాకిలి నిండా జనం. యిన్ ముసలాయన కూతురు వచ్చిందన్న కబురు ఊరంతా తిరిగింది. సూఝెన్ ఎర్రటి చెట్టువేరు నూరి యీతుంగ్ గోళ్ళకి పెడుతోంది. పండగనాడు ఆడపిల్లల వేళ్ళు ఎర్రగా పండాలి.

"కదపకు. మీ అమ్మకి నీ వయసులో నేనే పెట్టేదాన్ని. కొత్త కోడల్ని అప్పుడు. ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదు, పడవ దగ్గరికి పరిగెత్తేది."

"మా అమ్మా! పరిగెత్తేదా!"

అప్పుడే గుమ్మం దగ్గర కారు ఆగింది. షూఫెన్ దిగింది. వెనక హావ్‌నింగ్.

రుయ్‌లాన్ గుమ్మంలోనే ఎదురువెళ్ళింది. లోపలికి రమ్మని అనలేదు.

"రైలెక్కలేదా అత్తయ్యా?"

"స్టేషన్ దాకా వెళ్ళాను." షూఫెన్ గొంతు ఎప్పట్లాగే గట్టిగా ఉంది, చేతి కర్రని మాత్రం గట్టిగా నేలకి ఆనించింది. "నీకొక సంగతి చెప్పాలి. మీ నాన్న పెళ్ళికి..."

"తెలుసు. మధ్యాహ్నమే తెలిసింది."

షూఫెన్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "ఆ మాట నీ నోట పెట్టింది నేను. నువ్వు అనలేదు. మీవాళ్ళందరి ముందు చెప్తాను, పక్కకి తప్పుకో. నా తప్పు ఇంకొకళ్ళు చెబితే వినే అలవాటు నాకు లేదు."

"చెప్పకూడదు," అంది వెనకనుంచి ఒక మగ గొంతు.

పెయ్‌షెంగ్ వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. షూఫెన్ అతన్ని గుర్తుపట్టింది. ఆమె కర్ర మీద రెండో చెయ్యి కూడా వేసింది.

"నేను చేసింది నేను చెప్పుకుంటాను. ఆపడానికి నువ్వెవరు?"

"ఆయన కొడుకుని. మీరు ఒప్పేసుకుని బరువు దించుకుని ఊషీ పోతారు. ఆ తర్వాత మా నాన్న ఏమవుతాడు? ఇన్నేళ్ళూ ఊరికి కట్టుకథ చెప్పిన మనిషి అవుతాడు. పెద్ద బల్ల దగ్గర మీ పక్కన కూర్చున్నానని ఆయన చెప్పాడు. ఆ మాట ఈ వాకిట్లో ఎవరూ తీసెయ్యడానికి వీల్లేదు. మీరు కూడా."

"నన్ను మీ ఇంట్లోకి ఎలా రానిస్తావు మరి?"

"మా నాన్నకి మీరు మర్యాద చేశారట కదా. అంతకన్నా ఎక్కువే చేస్తాం. దయచేయండి."

షూఫెన్ కాళ్ళు కదల్లేదు. రుయ్‌లాన్ కొంచెంసేపు చూసి, చెయ్యి అందించింది. ప్రేమతో కాదు. ఆ ఇంటి ఆడపడుచు ఆ ఇంటికొచ్చిన అతిథికి అందించినట్టు.

"పదండి అత్తయ్యా."

*

ఎదురుగోడ కింద పెద్ద బల్ల వేసి, షూఫెన్‌ని మధ్యన కూర్చోబెట్టారు. పుల్లటి కారం చేప మొదట ఆమెకే వడ్డించారు. ఆమె ఎడమ పక్క కుర్చీ ఖాళీగా వదిలారు. ఎవరూ కారణం చెప్పలేదు, అందరికీ తెలుసు.

ఊరి ఆడవాళ్ళు వరసగా వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు.

"మీరేనామ్మా! మీ సంగతి యిన్ తాత చెప్పని రోజు లేదు."

"పల్లెటూరి మనిషని చూడకుండా పక్కన కూర్చోబెట్టుకున్నారట. ఎంత గొప్ప మనసు!"

ఒక్కో మాటకీ షూఫెన్ తల కొంచెం కొంచెంగా కిందికి దిగింది. జీవితంలో ఆమెని అంతగా ఎవరూ పొగడలేదు. అంత శిక్షా ఎవరూ వెయ్యలేదు.

పళ్ళు లేని ఒక ముసలాయన బల్ల అవతలనుంచి గ్లాసు ఎత్తాడు. "అయితే అమ్మా, ఒకటి అడుగుతాను. మీ తాయ్ సరస్సు చేపకి ఉప్పు తక్కువైందని మావాడు మీ ముఖం మీదే అన్నాడట. నిజమేనా? మేం ఇప్పటికీ నమ్మం. వాడు గొప్పలు పోయేవాడు."

వాకిలంతా నవ్వి, జవాబు కోసం ఆగింది.

పెయ్‌షెంగ్ నవ్వలేదు. రుయ్‌లాన్ చేతిలో చేప గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

షూఫెన్ కర్ర పక్కన పెట్టి, బల్ల ఆనుకుని లేచింది. ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆయన గొప్పలు పోయే మనిషి కాదు," అంది, బడిలో చివరి వరస దాకా వినిపించే గొంతుతో. "ముఖం మీదే అన్నారు. నాకు కోపమొచ్చింది. మా సరస్సు మీ సరస్సుకి పదింతలు ఉంటుంది తెలుసా, అన్నాను. చేప రుచి నీళ్ళ వెడల్పులో ఉండదమ్మా, అన్నారు." ఆమె ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసింది. "ఆయనతో వాదనలో ఓడిపోయాను. ఆ సంగతి ఊషీలో ఎవరికీ చెప్పుకోలేదు. ఈ ఊళ్ళో చెబుతున్నాను. అలాంటి మనిషి పక్కన కూర్చోవడం ఎవరికైనా గౌరవమే. నాకు అంత అర్హత లేదు."

ముసలాయన తొడ చరిచాడు. "విన్నారా! నిజమేనట!" వాకిట్లో గ్లాసులు లేచాయి. ఎవరో యిన్ తాత పేరు గట్టిగా అరిచారు. ఆ అరుపు కూడలి దాకా పాకింది.

రుయ్‌లాన్ గిన్నె కింద పెట్టింది. తన తండ్రి ఆ సాయంత్రం నిజంగానే ఆ పెళ్ళిలో భోంచేశాడని ఆమెకి అనిపించింది. అత్తగారి కళ్ళూ ఆమె కళ్ళూ కలిశాయి. క్షమించానని ఆ చూపులో లేదు. తల మాత్రం కొంచెం వంచింది, సమానులకి వంచినట్టు.

కూడలిలో పెద్ద కాగడా అంటించారు. పిల్లలు చేతి కాగడాలు పట్టుకుని కేకలు పెడుతూ పరిగెత్తారు. మంట ఎగసి బేరిపళ్ళు రాలుతుంటే జ్యాలే ఒకటి పట్టుకుని, "తాతయ్య ఊరి పండు!" అంటూ చూపించాడు. హావ్‌నింగ్ కొడుకు కాగడా ఆరిపోతే మళ్ళీ అంటించి ఇస్తున్నాడు. వెలుతురు అతని ముఖం మీద పడింది.

పెయ్‌షెంగ్ చెల్లెలి పక్కకి వచ్చాడు. "అతనెవరు?"

"మీ బావగారు. వచ్చినప్పుడు చీకటి పడుతోంది, నువ్వు సరిగ్గా చూసి ఉండవు."

పెయ్‌షెంగ్ ఇంకాసేపు చూశాడు.

"ఏమిటన్నయ్యా?"

"ఆ రోజు మేం గేటు దగ్గర నిలబడ్డప్పుడు, హాలు మెట్ల మీద ఒక కుర్రాడు ఉన్నాడు. గుండె మీద ఎర్ర పువ్వు. మీ అత్తగారు మాట్లాడినంతసేపూ మమ్మల్ని చూస్తూ నిలబడి, మేం వెనక్కి తిరగ్గానే లోపలికి వెళ్ళిపోయాడు." అతను గొంతు తగ్గించాడు. "ఇతనే, రుయ్‌లాన్."

రుయ్‌లాన్ జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి భర్త ముందు ఆగింది. పండగ కేకల మధ్య కూడా ఆమె మాట స్పష్టంగానే వినిపించింది.

"మన పెళ్ళిరోజు నువ్వు మెట్ల మీద నిలబడ్డావా?"

హావ్‌నింగ్ చేతిలో అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది. "పిల్లలు ఉన్నారు," అన్నాడు.

"ఉండనీ."

అతను తల్లి వైపు చూడబోయాడు. ఆమె దూరంగా, ఆడవాళ్ళ మధ్య ఉంది. ఈసారి జవాబు అటునుంచి రాదు.

"నిలబడ్డాను," అన్నాడు.

ఎర్రటి వేళ్ళతో యీతుంగ్ తమ్ముడి భుజం పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మెట్ల మీద నిలబడి ఏం చేశావు నాన్నా?"

రుయ్‌లాన్ జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి కోసం ఆగింది.